ఒక్కసారి ఎర్రగా చూపించు

ఫోన్ మోగేసరికి ఆమె చేతిలో టీ గిన్నె ఉంది. "నీ కోడ్ ఓకే అమ్మా. రేపు మధ్యాహ్నం ఆసుపత్రి వాళ్లకి పంపించేద్దాం" అన్నాడు టీమ్ లీడ్. ఉద్యోగంలో చేరాక ఆమె సొంతంగా చేసిన మొదటి పని అది. గిన్నె గట్టు మీద పెట్టేసి ముందుగదిలోకి ఒక్క గెంతు గెంతింది.

పెళ్లయి నెల తిరగని మొగుడు, బళ్లో భూగోళం చెప్పే మాస్టారు, పేపర్లు దిద్దుతున్నాడు. సంగతి వినగానే పెన్ను పడేసి వచ్చి ఆమె లాప్‌టాప్ ముందు చతికిలబడ్డాడు.

ఆమె రాసింది పైథాన్ అనే కంప్యూటర్ భాషలో 'డోసు' అనే క్లాస్, అంటే ఒక పని చూసుకునే కోడ్ ముక్క. రోగికి ఇవ్వాల్సిన మందు ఎంతో చెబితే దాన్ని నమోదు చేస్తుంది. సున్నా కంటే తక్కువ చెబితే మాత్రం అందులో మొట్టమొదట నడిచే భాగం, కన్‌స్ట్రక్టర్, గడపలోనే ఎక్సెప్షన్ అనే తప్పు హెచ్చరిక విసిరి ఆపేయాలి. ఆపుతోందో లేదో చూడటానికి ఆమే రాసిన ఇంకో కోడ్ ముక్క, ఒక టెస్ట్. నడిపింది. పచ్చగీత వచ్చింది.

"తప్పయితే ఏ రంగొస్తుంది?"

"ఎరుపు."

"ఏదీ, ఒక్కసారి చూపించు."

"శుభమా అని పచ్చగా వస్తే మీకు ఎరుపెందుకండీ?"

"ఎర్రసిరాతో బతికేవాణ్ణి. అది చూడకపోతే నాకు ముద్ద దిగదు."

ఆమె నవ్వి, కన్‌స్ట్రక్టర్‌లో అడ్డుకునే వరుసలు తీసేసి మళ్లీ నడిపింది.

పచ్చగీతే!

నవ్వు ఆగిపోయింది. కాపలావాణ్ణి ఇంటికి పంపేసినా తలుపు భద్రంగానే ఉందంటోంది టెస్ట్.

"ఇదేంటోయ్?"

"ఉండండి..." గోరు కొరుకుతూ చదివింది. తప్పు డోసు ఇచ్చి చూడు, ఎక్సెప్షన్ వస్తే అది సరైనదేనా చూడు అని రాసింది. అసలు రాకపోతే ఏం చేయాలో రాయనే లేదు. అడిగే నాథుడు లేక టెస్ట్ హాయిగా గట్టెక్కింది.

"అంటే పరీక్షకి రానివాణ్ణి కూడా పాస్ చేసేశావన్నమాట!"

"మీరు కాస్త నోరు మూసుకోండి మాస్టారూ."

ఇక్కడ ఎక్సెప్షన్ వచ్చి తీరాలి అంటూ టెస్ట్ తిరగరాసింది. నడిపింది. ఎర్రగీత! ఇద్దరూ చంకలు గుద్దుకున్నారు. తీసేసిన వరుసలు తిరిగి పెడితే పచ్చబడింది. ఇప్పుడా పచ్చదనం మీద ఆమెకి నమ్మకం కుదిరింది. కానీ ఇదే అచ్చులో రాసిన టెస్టులు ఇంకా బోలెడున్నాయి.

ఒక్క క్షణం తటపటాయించింది. ఫోన్ తీసింది.

"సార్, రేపు మధ్యాహ్నం పంపొద్దు." జరిగింది చెప్పింది.

"మరెప్పుడమ్మా?"

"రేపు పొద్దున్నే వచ్చి ఒక్కో కాపలా పీకేసి చూస్తాను సార్. ఎర్రబడితేనే నమ్ముతాను. ఎప్పుడు పంపాలో సాయంత్రం చెబుతాను."

"నేను సెలవు పెట్టి పక్కన కూర్చోనా?" అన్నాడు మాస్టారు, తన ఎర్రపెన్ను ఆమెకి అందిస్తూ.