కుదపకూడని కుండ

నాకు కోపమొస్తే అండీలు ఎక్కువవుతాయి. మామూలుగా "ఏరా" అని పిలిచేవాణ్ణి కూడా అప్పుడు "ఏంటండీ" అంటాను. మా పల్లెలో ఈ సంగతి అందరికీ తెలుసు. అందుకే ఆ రోజు ఇసక మీద పెద్దల ముందు నేను కొంగు బిగించి "బుల్లియ్య మావగారండీ" అని మొదలుపెట్టగానే ఆడవాళ్లు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు.

బుల్లియ్య మా కులపెద్ద. ఆయన ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డవాడు నా తమ్ముడు సత్తియ్య. వాళ్లిద్దరి మధ్య మూడు రాళ్ల పొయ్యి మీద మూకుడు, మూకుట్లో నూనె. ఇంకా పొయ్యి వెలిగించలేదు.

సంగతేంటంటే, మా పల్లె గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట ఉంది. ఎనిమిదిళ్లు, ఎనిమిది పడవలు. ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టాక నీళ్లు కాలవల్లోకి పోయి వరి చేలవాళ్లకి బంగారం పండింది. మాకు మాత్రం వేసవొస్తే పాయ మోకాలి లోతు. చేప నిలిచేది ఒక్క రాచమడుగులోనే. ఆ మడుగు ఎవరికి దక్కితే వాళ్లింట్లో అన్నం, మిగతా ఇళ్లలో అంబలి.

మడుగు ఎవరిదో చెప్పేది గంగమ్మ కుండ. ప్రతి అమావాస్యకీ పున్నానికీ ఇంటికో గవ్వ ఆ కుండలో వేస్తాం. ఏ గవ్వ ఎవరిదో గాట్లని బట్టి తెలుస్తుంది. చిన్నింటివాళ్లు ముందు వేస్తారు, పెద్దరికాన్ని బట్టి వరసగా వేసుకుంటూ పోతే ఆఖరున కులపెద్ద వేస్తాడు. అప్పుడు ముసలి మరిడమ్మ కళ్లకి గుడ్డ కట్టుకుని, చెయ్యి పెట్టి ఒక గవ్వ తీస్తుంది. అది ఎవరిదైతే పక్షం రోజులు మడుగు వాళ్లది. గవ్వలు వేశాక కుండని కుదపకూడదు. అమ్మవారి కడుపు కదిలిస్తే ఏరు పొంగి ఊరు ముంచేస్తుందని తాతలనాటి మాట. మడుగు దక్కినప్పుడల్లా వల తేలడానికి కట్టే బెండు ఒకటి పసుపు పూసి ఇంటి చూరుకి కట్టుకుంటారు. ఉగాదికి అన్నీ విప్పి ఏట్లో వదిలేస్తారు.

ఆ ఏడు ఉగాది దగ్గరికి వచ్చేసరికి బుల్లియ్య చూరుకి పదిహేడు బెండ్లు వేలాడుతున్నాయి. ఏడాదంతా గవ్వలు తీసింది ఇరవై నాలుగుసార్లు. అందులో పదిహేడు ఆయనవే. మా సత్తియ్య చూరుకి ఒక్కటీ లేదు. ఆ బెండ్ల కింద కూర్చుని ఆయన మీసం దువ్వుకుంటుంటే, వాటినే ఆయన నోట్లో కుక్కాలనిపించేది నాకు.

సత్తియ్యకి నాపాటి ఓపిక కూడా లేదు. పదిహేడోసారి కూడా ఆయన గవ్వే వచ్చినప్పుడు అందరిముందూ "నువ్వు దొంగవి మావా" అనేశాడు. బుల్లియ్య కోప్పడలేదు. నవ్వాడు. "సరే అల్లుడూ. నీ మాట నిజమైతే మరిగే నూనెలోంచి ఉంగరం తియ్. చెయ్యి కాలకపోతే నేను దొంగనే" అన్నాడు.

వల లాగేవాడికి చెయ్యి పోతే ఏం మిగులుతుంది? పెళ్లాం, ఇద్దరు పిల్లలు, ఒక పడవ. ఆ పడవ చివరికి బుల్లియ్య ఇంటికే చేరుతుందని కూడా నాకు తెలుసు. అందుకే అండీలు మొదలుపెట్టాను.

"మావగారండీ, ఆ వీరాస్వామిని ఇలా పిలవండి" అన్నాను. వీరాస్వామి వచ్చాడు. నాలుగేళ్ల కిందట వల దొంగిలించాడన్న నింద వస్తే, కాదని ఇదే నూనెలో చెయ్యి పెట్టాడు. కాలింది, దొంగన్నారు. తర్వాత ఆ వల వరదకి కొట్టుకుపోయి మడ అడవిలో చిక్కుకుని దొరికింది. వీరాస్వామి వేళ్లు మాత్రం ముడుచుకుపోయి అలాగే ఉన్నాయి.

"నిజం చెప్పినవాడి చెయ్యీ కాలుతుంది, అబద్ధం చెప్పినవాడి చెయ్యీ కాలుతుంది. ఇది ఏం పరీక్షండీ? కాలని చెయ్యి మీ ఆయుష్షులో ఒక్కటైనా చూశారాండీ?"

"వేరే పరీక్ష ఉంటే చెప్పు" అన్నాడు బుల్లియ్య. నా దగ్గర లేదు.

"ఉందండి" అన్న గొంతు వెనకనుంచి వచ్చింది. యెహెజ్కేలు, మిషన్ బడి పంతులు. రాజమండ్రిలో చదువుకుని వచ్చి పక్క ఊళ్లో బడి నడుపుతున్నాడు. అతనంటే మా వాళ్లెవరికీ గిట్టదు, నాకసలు గిట్టదు. మా గంగమ్మని మట్టికుండ అంటాడు. కందకు లేని దురద ఈ కత్తిపీటకెందుకు అనుకున్నాను. కానీ తమ్ముడి చెయ్యి గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

అతను ఇసకలో గొంతుక్కూర్చున్నాడు. "ముందు బుల్లియ్యగారు తప్పు చెయ్యలేదనే అనుకుందామండి. కుండ అందర్నీ సమంగానే చూస్తోంది, ఇదంతా అదృష్టమే అనుకుందాం."

"ఎందుకనుకోవాలండీ?" అన్నాను. నా తమ్ముడి పక్షాన మాట్లాడతాడనుకుంటే బుల్లియ్య పక్షానే మొదలుపెట్టాడు.

"అలా అనుకుని చూస్తేనే కదండీ, ఆ అనుకోవడం నిలబడుతుందో లేదో తెలిసేది. వేరే కుండ తెద్దాం. అందులో ఎనిమిది గవ్వలు వేసి, తీసిన గవ్వ మళ్లీ వేసి ప్రతిసారీ బాగా కుదిపి, ఇరవై నాలుగుసార్లు తీద్దాం. అదొక ఏడాది అనుకోండి. అలా నలభై ఏడాదులు తీద్దాం. ఉత్త అదృష్టానికి ఎంత బలముందో మన కళ్లతోనే చూద్దాం."

"ఎనిమిదిళ్లలో ఎవడో ఒకడు అదృష్టవంతుడు అవ్వాలి కదా. అది నేనయ్యాను" అన్నాడు బుల్లియ్య.

ఆ మాటలో పస ఉందని నాకే అనిపించి ఒళ్లు మండింది. పంతులు తలూపాడు. "నిజమేనండి. అందుకే మీ గవ్వ ఒక్కటే చూడొద్దు. ప్రతి ఏడాదిలోనూ అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చిన గవ్వ ఏదైనా సరే, దాన్నే చూద్దాం. నలభై ఏడాదుల్లో ఒక్కసారైనా, ఏ గవ్వకైనా పదిహేడు వస్తే మీది అదృష్టమేనని ఒప్పుకుందాం. రాకపోతే కుండ సమంగా లేదని మీరు ఒప్పుకోవాలి. ఏది వస్తే ఏమిటో ఇప్పుడే అనుకోవాలండి. తీశాక అనుకుంటే ఎవరికి కావలసినట్టు వాళ్లు అనుకుంటారు."

"పదిహేడు వస్తే సత్తియ్య నూనెలో చెయ్యి పెడతాడా?" అన్నాడు బుల్లియ్య.

నేను వద్దనేలోపే "పెడతా" అన్నాడు మావాడు.

తెల్లారి పొద్దెక్కకముందే మొదలుపెట్టాం. ఒక్కో ఇల్లూ అయిదేసి ఏడాదులు తీసింది. ఒకళ్లు కుదపడం, ఒకళ్లు తీయడం, ఒకళ్లు ఇసకలో గీత గీయడం. పల్లె పల్లంతా ఆ పూట వేటకి పోకుండా కూర్చుంది. నేను గీతలే చూస్తూ కూర్చున్నాను. ఏ గవ్వకైనా అయిదు దాటితే వేళ్లు మడిచి మళ్లీ లెక్కపెట్టుకునేదాన్ని. చాలా ఏడాదుల్లో ఎక్కువ అంటే ఆరు, ఏడు. కొన్నిట్లో ఎనిమిది. వీరాస్వామి ఇంటివాళ్లు తీసినప్పుడు ఒక గవ్వకి తొమ్మిది వచ్చింది. నేను సత్తియ్య చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ తొమ్మిది ఇక కదల్లేదు. పొద్దు వాలేసరికి నలభై ఏడాదులూ అయిపోయాయి. తొమ్మిది దాటింది ఒక్కటీ లేదు.

"అనుకున్నది నిలబడలేదండి" అన్నాడు పంతులు. "అదృష్టానికి ఇంత బలం లేదు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటాడని చూశాను. బుల్లియ్య తడుముకోలేదు. లేచి నిలబడి గంగమ్మ కుండ వైపు తిరిగి దణ్ణం పెట్టాడు. "ఒప్పుకుంటున్నాను. ఇది అదృష్టం కాదు. అమ్మవారి దయ. కులపెద్దని కాబట్టి తల్లి నన్ను చల్లగా చూస్తోంది. ఆ దయని దొంగతనం అన్నవాడు ఇప్పుడు అమ్మవారికే అపచారం చేశాడు. పొయ్యి వెలిగించండి."

అంతవరకూ మావైపు తలలూపినవాళ్లే చెంపలు వేసుకున్నారు. వెలిగించమన్న పొయ్యి వెలిగించారు కూడా. నేను పంతులు వంక చూశాను. అతను ఇసకలో గీతల మీంచి తల ఎత్తలేదు. "అదృష్టం కాదని మాత్రమే నా లెక్క చెప్పిందండి. మరి ఏదో అది చెప్పదు" అన్నాడు. అతన్ని అక్కడే ఏట్లో ముంచాలనిపించింది. పొద్దున్నుంచీ కుదిపి కుదిపి చేతులు నొప్పెట్టించుకున్నది ఇందుకా?

ఆ కుదపడం అనుకోగానే నా బుర్రలో మరో మాట తట్టింది. పొద్దున్నుంచీ మేం కుదుపుతున్నాం. అమ్మవారి కుండని ఎవరూ కుదపరు. ఆఖరున వేసిన గవ్వ ఎక్కడుంటుంది? అన్నిటి మీదా ఉంటుంది. మరిడమ్మకి అమ్మవారి కడుపులో కెలకడం భయం, చేతికి తగిలిందే తీస్తుంది.

"మావగారండీ" అన్నాను. నూనె వాసన అప్పుడే మొదలైంది. "అమ్మవారి దయ కుండ అడుగుదాకా పోతుందాండీ?"

"అమ్మవారి దయకి అడుగేంటి, పైనేంటి?"

"అయితే మీ గవ్వ అన్నిటికన్నా ముందు వేయండి. మా సత్తియ్యది ఆఖరున వేస్తాం. కుండని కుదపం, ఆచారం తప్పం. దయ ఉంటే మిమ్మల్ని వెతుక్కుని పైకి తెస్తుంది. లేదంటారా, అమ్మవారి మీద మీకే నమ్మకం లేదన్నమాట."

ఆయన నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కాదంటే అమ్మవారిని కాదన్నట్టే. అవునన్నాడు. పదిసార్లు తీయాలనీ, సగానికి పైగా ఎవరి గవ్వ వస్తుందో చూడాలనీ పంతులు ముందే చెప్పించాడు. గంగమ్మ కుండ తెచ్చారు. మరిడమ్మ కళ్లకి గుడ్డ కట్టారు. ప్రతిసారీ బుల్లియ్య గవ్వ ముందు, సత్తియ్య గవ్వ ఆఖరున వేసి తీయించారు. పదింట్లో ఏడు సత్తియ్యవి. మిగతా మూడూ తలో ఇంటివి. బుల్లియ్యది ఒక్కసారీ పైకి రాలేదు.

నూనె మరుగుతోంది.

"అమ్మవారు ఇవాళ మా తమ్ముడి మీద దయ తలిచిందాండీ?" అని అడిగాను. నా వేలి ఉంగరం తీసి మూకుట్లో వేశాను. "తీయండి మావగారండీ. దొంగ కాకపోతే కాలదు కదండీ."

నిజంగా తీయించాలనే వేశాను. ఆ ముడుచుకున్న వేళ్లు ఆయనకీ ఉండాలని, ఆ మీసం దువ్వే చెయ్యే కాలాలని నా కడుపులో ఉన్నదంతా కోరింది. ఆయన చెయ్యి వెనక్కి దాచుకున్నాడు, అది నేను ఆనందంగా చూశాను.

పంతులు అడ్డొచ్చాడు. "కుండ సమంగా లేదని తేలిందండి. ఈయన కావాలని చేశాడని తేలలేదు. ఆ వరస ఈయన తాతలనాటిది. పైది చేతికి వస్తుందని ఈయనకి తెలుసో లేదో ఏ గవ్వా చెప్పలేదు."

"ఆయనకి తెలుసు."

"మీరు అనుకుంటున్నారు. అదీ పరీక్షకి నిలబడాలి కదండీ. ఇక నూనె సంగతంటారా, ఎవరి చెయ్యయినా కాలుతుందని నిన్న మీరే అన్నారు."

కొంగు చేతికి చుట్టుకుని మూకుడు పట్టి నూనెంతా ఇసకలో పారబోశాను. కుతకుతమంటూ ఇంకిపోయింది. మంచి నూనె పాడుచేశావని మరిడమ్మ నన్ను తిట్టిపోసింది. బుల్లియ్య క్షమించమని కూడా అనలేదు. ఉగాది వచ్చి వెళ్లినా చూరుకున్న బెండ్లు మాత్రం విప్పలేదు.

ఆ పున్నానికి అందరం కూడాం. ఇక మీదట గవ్వలు వేశాక కుండ కుదపాలని పెద్దలు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నారే గానీ కుదపడానికి ఎవడూ ముందుకి రాలేదు. ఏరు పొంగుతుందేమోనని మగాళ్లంతా ఏటి వంక చూస్తున్నారు. నేను లేచి, తల్లీ నన్ను ముంచితే ముంచు అనుకుని, కుండని రెండు చేతులా ఎత్తి ఎడాపెడా కుదిపాను. లోపల గవ్వలు గలగలమన్నాయి. ఏరు పొంగలేదు.

మరిడమ్మ చెయ్యి పెట్టి, ఈసారి అడుగుదాకా కెలికి, ఒక గవ్వ తీసింది. గాటు చూశాం. బుల్లియ్యది.

ఆయన మీసం మీద చెయ్యి వేశాడు. నా వంకే చూస్తూ, ఒక బెండుకి పసుపు పూసుకుంటూ ఇంటికి వెళ్లాడు.

"ఒక్కసారికి ఏమీ తేలదండి. సమంగా ఉన్న కుండలో ఆయనకీ ఒక వంతు ఉంటుంది కదండీ" అన్నాడు యెహెజ్కేలు పంతులు.

ఆ మాత్రం నాకూ తెలుసు. ఆపాటికి పల్లెలో అందరికన్నా బాగా తెలుసు. సత్తియ్య రెండు చేతులతోనూ వల సర్దుకుంటున్నాడు, అది చాలు అనుకోవాలి. అనుకున్నాను కూడా. అయినా ఆ పద్దెనిమిదో బెండు చూసినప్పుడల్లా ఆ నూనె ఎందుకు పారబోశానా అనిపించేది.