ఓబలప్ప తూకం

రండమ్మా, రండప్పా, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. నడుము పట్టుకుని కూర్చునేవాళ్ళు పట్టుకునే కూర్చోండి. మోకాలు కటుక్కుమంటే అననివ్వండి, ఇక్కడ నవ్వేవాళ్ళు ఎవరూ లేరు. అట్లా నవ్వే మనిషి ఒకడు ఉండేవాడు. ఆయన సంగతే చెప్తాను. కురుడుమలె వినాయకుణ్ణి తలుచుకుని వినండి.

బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన తర్వాత మాట ఇది. ఛాంపియన్ రీఫ్ దగ్గర, తడికెల గోడల లైను ఇళ్ళలో, పొద్దున షిఫ్టు సైరన్ మోగేసరికి మునివెంకటమ్మ లేచేది. వీధి కుళాయిలో నీళ్ళు పట్టి, దేవుడికి దీపం పెట్టి, రాత్రి నానబెట్టిన బియ్యమూ మినప్పప్పూ రుబ్బురోట్లో పోసేది. పోసి, పక్కన పీటేసుకుని కొత్తిమీర తుంచుకుంటూ కూర్చునేది. గుండు దానంతట అదే తిరిగేది.

ఆ వీధిలో అది వింతేమీ కాదు. కాపురానికి వచ్చిన నాటినుంచి ఆ గుండును తిప్పింది ఆమె కుడిచెయ్యి. అప్పట్లో రోకలిలాగా ఉండేదా చెయ్యి. వయసు మీదపడేకొద్దీ కండ కరిగి, భుజం కింద చర్మం తడిగుడ్డలా వేలాడింది. కండ ఎక్కడికి పోయిందని ఎవరూ వెతకలేదు. ఎక్కడ ఖర్చు పెడితే అక్కడికే పోయింది, రోట్లోకి. పక్కింటి గురువమ్మ గిన్నె పట్టుకొచ్చి, "అక్కా, నాది కూడా ఒక వాయి ఎయ్యి" అని అక్కడే చతికిలబడి కబుర్లు మొదలుపెట్టేది.

ఇది చూసి మూతి విరిచేది ఒక్క మొగుడే. ఓబలప్ప. గనిలో డ్రిల్లు పట్టిన మనిషి, రిటైరయి ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడే గానీ గొప్పలు ఇంకా రిటైరవ్వలేదు. పొద్దున్నే బనియన్ విప్పి, అద్దం ముందు నిలబడి, ఊపిరి బిగబట్టేవాడు. బిగబట్టినంతసేపూ బొజ్జ లోపలికి పోయేది. వదలగానే సొంతింటికి వచ్చినట్టు వచ్చేసేది. తొడలేమో కొంగకాళ్ళయినాయి. వాటిని పంచె దాచేది. పంచె దాచినదాన్ని ఆయన కూడా చూసుకునేవాడు కాదు.

వీధి అరుగుమీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళ ఒళ్ళు ఎంచడమే ఆయన డ్యూటీ.

"ఏమిరా సొన్నా, గాలొస్తా ఉండాది, జేబులో రాళ్ళేసుకో" అనేవాడు ఎదురింటి సొన్నప్పతో. గురువమ్మ కనబడితే, "యమ్మా, నువ్వు కూర్చుంటే లేపేదానికి గనిలో మనుషుల్ని పైకి లాగే కేజీ తాడు తేవాల" అనేవాడు. పెళ్ళానికి మాత్రం ఒకటే పేరు, గోతాం. "ఏమే గోతాం, కాఫీ యాడ?"

ఇంత మాట్లాడేదానికి ఆయన దగ్గర ఒక రుజువు ఉంది. స్టేషన్లో తూకం మిషన్ ఉందే, ఎర్రదీపాలు తిరుగుతాయే, అది. నెలకొకసారి దానిమీద నిలబడి, బయటపడిన అట్టముక్కను జెండాలాగా ఊపుకుంటూ వచ్చేవాడు.

"చూడండిరా! గనిలో చేరినప్పుడు డాక్టరు తూచిన తూకమే, ఈపొద్దూ అదే. ఒక్క కిలో తేడా లేదు. వయసంట వయసు! సోమరిపోతులకు వచ్చేది వయసు."

ఒకనాడు మునివెంకటమ్మ రోలు పక్కనుంచే, తల ఎత్తకుండా అంది.

"తూకం అదేనయ్యా. మూటలో బియ్యం తీసేసి, అదే తూకానికి తవుడు పొయ్యి. ముల్లు కదల్దు. మూటే లావవతాది. నీ బెల్టుకు కొత్త బొక్కలు ఏసింది ఎవురు? నేనా?"

గురువమ్మ ఫక్కున నవ్వింది. ఓబలప్ప నడుముకు గనిలో లైటు కట్టుకునే పాత తోలుబెల్టు ఇంకా ఉండేది. చెప్పులు కుట్టే ఆయన దగ్గర దానికి బొక్కలు వేయించుకుంటూనే ఉన్నాడు. తోలు కుంచించుకుపోయిందంట!

ఆ బెల్టుకో కథ ఉంది. వయసులో ఉన్నప్పుడు ఒకసారి గనిలో ఎయిర్‌బ్లాస్టు వచ్చి, రాయి కూలి, ఓబలప్ప లోపల చిక్కుకుపోయినాడు. పైన షాఫ్టు నోటి దగ్గర నిలబడి మునివెంకటమ్మ మొక్కుకుంది. 'స్వామీ, నా మొగుడు పైకి వస్తే, ఆయన బతికినన్నాళ్ళూ ఏటేటా కురుడుమలెకు వచ్చి నీ ముందర గుంజీళ్ళు తీస్తాను.' వచ్చినాడు, ఆ బెల్టుతోనే. ఆమె ఏటా పోయి తీసింది. ఆమె మోకాళ్ళు మొరాయించిన నాటినుంచి ఆయన ఆమెను గుడికి పోయే లారీ ఎక్కనివ్వలేదు.

"కూర్చుంటే మళ్లా లేస్తావా నువ్వు? పదిమందిలో నా మర్యాద తీయొద్దు. ఇంట్లో ఉండు."

ఆయన మాత్రం పోయి, బెల్టు బిగించి, అందరికీ వినబడేలా లెక్కపెడుతూ ఇరవైయొక్క గుంజీళ్ళు తీసి, చతికిలబడిన ముసలివాళ్ళను వెక్కిరించి వచ్చేవాడు. ఆ మొక్కు ఎవరి ప్రాణానికి ముడిపడిందో ఆ పెద్దమనిషికి గుర్తే లేదు. ఆమెకు గుర్తుంది. తీరని మొక్కు ఏటేటా ఆయన నెత్తిమీద పేరుకుంటోందని ఆమె భయం. మనిషిమీద ఎంత అసహ్యం పుట్టినా ఆ భయం పోలేదు.

ఆ ఏడు వినాయక చవితికి సొన్నప్ప ఒక లారీ మాట్లాడినాడు. మామిడి కాలం అయిపోయి శ్రీనివాసపురంలో ఖాళీగా నిలబడిన లారీ. భక్తులకు వడలు చేసి పంచాలని వీధంతా అనుకున్నారు.

"అక్కా, నీ రోలు కావాల" అన్నాడు.

"రోలు ఎత్తుకోని పో. ఈ గోతాం ఎందుకు?" అన్నాడు ఓబలప్ప.

"ఆమె లేకుంటే తిరగదు కదన్నా."

ఓబలప్ప విసవిసా పోయి లారీ ఎక్కినాడు. ముందర డ్రైవరు పక్కన దొరలాగా కూర్చున్నాడు. వెనక, రోలును కావలించుకుని మునివెంకటమ్మ. బైరకూరు వైపు పొలాల గాలి ముఖానికి తగులుతుంటే ఆమె నోట స్వామి పేరు తప్ప ఇంకోటి లేదు. ఒక్క గుంజీ. ఒక్కటైనా తీయాల.

గుడి పక్క పందిట్లో రోలు దించినారు. పప్పు పోసినారు, గుండు తిరుగుతోంది. లోపల ఓబలప్ప లెక్క మొదలైంది. "ఒకటీ! రెండూ!" గొంతు ఖంగుమంది. కాసేపటికి అంకెల మధ్య ఎడం పెరిగింది. ఇంకాసేపటికి అంకె రాలేదు. నవ్వులు వచ్చినాయి.

ఆమె లేచి తొంగి చూసింది. ఏకశిలలో కొలువైన అంత పెద్ద స్వామి ముందర ఓబలప్ప చెవులు పట్టుకుని గొంతుకూర్చుని ఉన్నాడు. లేవబోతాడు, తొడలు వణుకుతాయి, మళ్ళీ కూలబడతాడు. ముఖం చెమటతో తడిసిపోయింది.

"ఏమన్నా, కేజీ తాడు తేవాల్నా?" అన్నాడు సొన్నప్ప. గురువమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఒక్కరూ ముందుకు రాలేదు. ఎందుకొస్తారు? ఒక్కొక్కరికీ ఒక్కో మాట బాకీ ఉన్నాడు.

మునివెంకటమ్మ నోట్లోకి కూడా మాట వచ్చింది. ఆయన అన్న మాటే, గోతాం. ఎన్నేండ్లుగానో నమిలి మింగిన మాట. ఉమ్మేసేదానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. కళ్ళెత్తి స్వామిని చూసింది. స్వామికీ బొజ్జ ఉంది. దాన్ని దాచుకోవాలని స్వామి ఊపిరేమీ బిగబట్టలేదు.

ఆమె వెనక్కి పోయి, తిరుగుతున్న గుండును రోట్లోంచి ఎత్తి, పిండి కారుతుండగానే బిడ్డను ఎత్తుకున్నట్టు చంకన పెట్టుకుంది. నడిచి వచ్చి మొగుడి పక్కన గొంతుకూర్చుంది. కూర్చోవడం ఎవరికైనా వస్తుందమ్మా, లేవడంలోనే ఉంది సంగతంతా. మాట్లాడకుండా ఆయన ముంజేయి పట్టుకుంది.

చంకలో గుండు ఒక్కసారి, నిదానంగా, రోజూ పొద్దున రోట్లో తిరిగినట్టే తిరిగింది. ఏ చేతిలోంచి పోయిందో ఆ చేతిలోకే బలం వచ్చింది. ఇద్దరూ లేచి నిలబడినారు.

నవ్వులు ఆగినాయి.

"ఎన్నయినాయి?" అన్నాడు ఓబలప్ప, నేల చూస్తూ.

"ఒకటి. సాలు. స్వామి లెక్కలు చూడడు."

గుండును తెచ్చి రోట్లో పెట్టింది. తిరగలేదు. ఉన్న బలమంతా అక్కడే అయిపోయింది. సగం నలిగిన పప్పు అట్లాగే ఉంది. ఓబలప్ప వచ్చి, పీట లాక్కుని, బెల్టు విప్పి పక్కన పెట్టి, గుండు పట్టుకున్నాడు.

ఆనాటి వడలు రాళ్ళు.

"అన్నా, పన్ను కదిలింది" అన్నాడు సొన్నప్ప.

"నోరు మూసుకోని తినరా."

ఆ తర్వాత పొద్దున సైరన్‌కు లేచి రుబ్బింది ఓబలప్పే. గురువమ్మ గిన్నె కూడా ఆయనే రుబ్బినాడు, గొణుక్కుంటూ. మొదట్లో రోలు పట్టుకుని లేచేవాడు. తర్వాత మోకాలిమీద చెయ్యి పెట్టి లేచేవాడు. మళ్ళీ చవితి నాటికి ఉత్తచేతులతో లేచినాడు, మూలుగుతూనే. ఆ ఏడు డ్రైవరు పక్కన కూర్చున్నది మునివెంకటమ్మ. స్వామి ముందర ఆయన అడగకుండానే ముంజేయి చాపినాడు, ఆమె పట్టుకుని కూర్చుంది, లేచింది. ఇంటికి తిరిగి వస్తూ స్టేషన్లో మిషన్ ఎక్కినాడు. తూకం అదే. బెల్టు మాత్రం పాత బొక్కకు వచ్చింది. అట్టముక్కను ఎవరికీ చూపించలేదు.

కథ అయిపోయిందమ్మా, ఇంగ లేస్తారు. లేచేముందు పక్కకు చూడండి. ఎవరో ఒకరు నేలమీద చెయ్యి ఆనించి, లేవలేక, ఎవరైనా చూస్తున్నారేమోనని దిక్కులు చూస్తుంటారు. మీ నోటికి మాట వస్తుంది, మింగేయండి. మునివెంకటమ్మ చేసిన ఆ ఒక్క పని గుర్తుపెట్టుకుని మీరూ చేయండి. ఏమీ మాట్లాడకుండా చెయ్యి చాపండి.