బోర్లా పేర్చిన నక్షత్రాలు

పింగాణీ ముక్కల పనిలో ఒక తిరకాసు ఉంది. ముక్కలన్నీ రంగువైపు కిందికి పెట్టి బోర్లా పేర్చాలి. పైకి కనిపించేవి మట్టిరంగు వీపులే. వాటిమీద గచ్చు పోసి, ఆరాక పలకను లేపి నిలబెడితే తప్ప, చేసినవాడికైనా తన పని ఎలా వచ్చిందో తెలియదు.

మ్యూజియంలో ఇస్లామీ కళకు కొత్తగా ఒక గది కేటాయించారు. ఒక దేశపు పూలతీగల పలక, మరో దేశపు అక్షరాల పలక అప్పటికే చేరాయి. పది కొనల నక్షత్రాల పలక పెద్దమేస్త్రీ చెయ్యాలి. నలభై ఏళ్లలో ఆయన పనిని వేలెత్తి చూపినవాడు లేడు.

ఆయన కూతురికి మాత్రం కంటిమీద కునుకు లేదు. నాన్న చూపు పోయి ఆరు నెలలైంది. ముక్కల పళ్లేలు వరసగా పెట్టించుకుని తడిమి తీస్తున్నాడు. ఎడమన నీలం, పక్కన ఆకుపచ్చ, చివర తెలుపు.

"ఎవరితోనూ అనకమ్మా. ఈ పీట మీంచి లేపితే నేను బతికున్నా లేనట్టే" అన్నాడు. పాపం, ఆ పిల్ల నోరు కుట్టేసుకుంది.

పలక లేపిన రోజు మ్యూజియం మేడమ్ వచ్చింది. పలక మెరిసిపోతోంది. కానీ కింది మూల నక్షత్రంలో నీలం చోట ఆకుపచ్చ, ఆకుపచ్చ చోట నీలం! ఆఖరి రోజు బల్ల తుడిచి పళ్లేలు మళ్లీ పెట్టింది కూతురే. నా చేతులు పడిపోను అనుకుంది.

మేడమ్ కూడా చూసింది. "ఓ, ఇదేనా ఆ తప్పు? లోపం లేనివాడు దేవుడొక్కడేనని, పనివాళ్లు కావాలనే ఒకటి వదుల్తారట కదా!"

"అవును మేడమ్, అదే!" కూతురు ఆ మాటను గబుక్కున అందుకుంది.

"ఏం అవును?" పెద్దమేస్త్రీకి రోషం వచ్చింది. "తప్పులు పిలవకుండానే వస్తాయి, కావాలని వదలడమెందుకు? ఎక్కడుంది తప్పు?"

పలకంతా తడిమాడు. కింది మూల దాకా వేళ్లు పోనిచ్చాడు. "ఎక్కడా సందు లేదే! గోరు కూడా దూరదు."

మేడమ్ ఆ వేళ్ల వంక, ఆయన కళ్ల వంక చూసింది. కూతురు ఆయన చెయ్యి ఆ నక్షత్రం మీదే నొక్కి పట్టుకుంది.

తప్పు సందుల్లో కాదు, రంగుల్లో అని ఆయనకు అర్థమైంది. మెల్లగా అడిగాడు.

"పళ్లేలు మార్చావా, తల్లీ?"

"మార్చాను నాన్నా."

"పోనీలే" అని, తను కూర్చునే పీట తనే తీసి గోడకు ఆనించాడు.