చుక్కకి తోక ఎక్కడిది?

నేను ఒక గొట్టాన్ని. మర్యాద తెలిసినవాళ్ళు దూరదర్శిని అంటారు, ఇంట్లో టెలిస్కోపు అంటారు, ఈ ఇంటి పెద్దావిడ నరసమాంబగారు మాత్రం "మేడమీది ఫిరంగి" అంటారు. నా కడుపు నిండా చీకటే. ఉన్న తెలివంతా ముందు కొసన బిగించిన రెండు గాజుబిళ్ళల్లో ఉంది. ఒకటి ఉబ్బుగా ఉంటుంది, రెండోది లోపలికి గుంటగా ఉంటుంది. విడివిడిగా చూస్తే రెండింటికీ రంగులు చిమ్మే జబ్బు. పక్కపక్కన కూర్చోబెడితే ఒకదాని తప్పు రెండోది దిద్దుతుంది. నన్ను చేసినవాడు పెళ్ళయినవాడై ఉండాలి.

మొదట నేను కాకినాడలో ఒక ప్రైవేటు హైస్కూలు సైన్సు గదిలో కాపురం పెట్టాను. కాపురమంటే బీరువాలో. పిల్లలు పాడుచేస్తారని తాళం వేసేశారు. ఇన్‌స్పెక్షనుకి ఓసారి, దసరాకి ఓసారి బయటికి తీసేవారు. దసరా నాడు సరిగ్గా నా కంటి మధ్యన కుంకుమబొట్టు పెట్టి, హారతిచ్చి, మళ్ళీ లోపల పెట్టేవారు. చూడడానికి పుట్టినదాన్ని చూడనివ్వకుండా దణ్ణం పెట్టడం మనుషులకి బాగా చేతనవును. ఆ బొట్టు తడికీ సముద్రపు గాలికీ ఊరగాయ జాడీకి పట్టినట్టు నా గాజుకి బూజు పట్టింది. స్కూలు మూతపడ్డాక బల్లలతోపాటు నన్నూ అమ్మేశారు.

కొన్నాయన భీమశంకరంగారు. కరెంటు డిపార్టుమెంటులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఏది పాడైనా దాని పొట్ట విప్పందే ఆయనకి తోచదు. బాగున్నవాటి పొట్టలు కూడా విప్పుతారని ఆ ఇంటి మిక్సీ నాతో చెప్పుకుని ఏడ్చింది.

ఆయన భార్య కనకవల్లిగారికి నామీద ధ్యాస లేదు. ఆవిడ బెంగంతా స్కూటరు గురించి. ఏడాదిగా ఆయన చూపు మందగిస్తోందని ఆవిడకి తెలుసు, వీధికి తెలుసు, వీధిలో గేదెలకి కూడా తెలుసు, పాపం అవే తప్పుకుంటున్నాయి. తెలియనిది ఆయనకొక్కరికే. వెనక సీటు మీద కూర్చుని "గేదె... గొయ్యి... తోపుడుబండి..." అంటూ ఆవిడ అష్టోత్తరం చదువుతూంటే బండి ముందుకి సాగుతోంది. కంటి డాక్టరు మాటెత్తితే, "నా కళ్ళకేం? డేగ కళ్ళు" అంటారాయన. ఆ డేగగారు ఈ కార్తీకంలో భార్యని వెనకెక్కించుకుని, హైవే మీద, స్కూటరు మీదే అన్నవరం వెళ్ళి వ్రతం చేసుకోవాలని తీర్మానించారు. లారీలు గేదెల్లా తప్పుకోవు. ఈలోగా ఆయన్ని ఎలాగైనా కంటి ఆసుపత్రి మెట్లెక్కించాలని కనకవల్లిగారు లోపల్లోపల మథనపడుతున్నారు.

నన్ను తెచ్చిన సాయంత్రమే మేడెక్కించారు. చంద్రుడు పెరుగులో నానిన ఆవడలా కనిపించాడు. బూజు మహిమ. మర్నాడు ఆయన నా గాజులు విప్పి, దూదితో ఒడుపుగా తుడిచారు. ఆ పనితనానికి వంక పెట్టను. కానీ తిరిగి పెట్టేటప్పుడు ముందుదాన్ని వెనక, వెనకదాన్ని ముందు కూర్చోబెట్టారు. దాంతో చంద్రుడు ఆవడ స్థాయి నుంచి పెరుగు స్థాయికి దిగిపోయాడు. సెల్‌ఫోనులో వీడియోలన్నీ చూసి, మళ్ళీ విప్పి, ఆలుమగల్ని ఎవరి చోట వాళ్ళని కూర్చోబెట్టారు. ఒట్టేసి చెబుతున్నాను, ఆ రోజు నుంచి నాలో లోపం లేదు.

"వల్లీ! చుక్కకి తోకుందే!"

"ఏ చుక్కకండీ?"

"అన్నిటికీ! ఎడంపక్కకి, ఏటవాలుగా."

"ఆకాశం నిండా తోకచుక్కలే అయితే పేపర్లో వేసేవారు కాదుటండీ?"

మెట్ల దగ్గర కుర్చీలో కూర్చున్న పెద్దావిడ కలగజేసుకున్నారు. "ఒరే శంకరం, ఎవర్నిరా చూస్తున్నావ్?"

"శనిని, అమ్మా."

"హవ్వ! ఆయన మనవంక చూడకుండా ఉండాలని నేను తైలాభిషేకాలు చేయిస్తూంటే, నువ్వు గొట్టం పెట్టి మరీ పిలుస్తున్నావా?"

తోక మీద విచారణ మొదలైంది. ముందు, కంటి దగ్గర పెట్టుకునే చిన్న గాజు, అదే ఐపీసు, ముద్దాయి అయింది. తరవాత సముద్రపు గాలి. తరవాత కింది వాటావాళ్ళ వేపుళ్ళ పొగ. తరవాత నన్ను అమ్మినవాళ్ళ వంశం. ఒక్కో అనుమానానికి ఒక్కోసారి నా పొట్ట విప్పారు. చివరికి విసిగి, "ఆదివారం పాత సామాన్లవాడికి పడేస్తాను" అన్నారు. కళ్ళజోడు లేని న్యాయమూర్తి దగ్గర నాకు వేరే తీర్పు ఎలా వస్తుంది?

ఆయన స్క్రూడ్రైవరు కోసం కిందికి దిగినప్పుడు కనకవల్లిగారు కొంగుతో చెయ్యి తుడుచుకుని నాకు కన్ను ఆనించారు. చిన్న ముత్యం, దాని చుట్టూ సన్నటి ఉంగరం. తోకా లేదు, తొండమూ లేదు. ఆవిడ ఊపిరి బిగబట్టి అలాగే ఉండిపోయారు. కాస్సేపటికి ఆవిడ కనురెప్పలు నా ఐపీసుకి తగిలి సన్నగా వణికాయి. చూసింది చెబితే "నీకు చూడ్డం చేతకాదు" అనే తీర్పు వస్తుందని తెలిసిన మనిషి. ఆయన పైకొచ్చేసరికి ఏమీ ఎరగనట్టు చుక్కలకేసి చూస్తూ నిలబడ్డారు.

"ఏవండీ, లైనులో ఫాల్టు వస్తే మీ డిపార్టుమెంటులో ఎలా పట్టుకునేవారు?"

ఆయన ఛాతీ వెడల్పయింది. "ఒక్కో ముక్కా విడిగా పరీక్షిస్తాం. తప్పున్న ముక్క తనంతట తనే బయటపడుతుంది."

"అయితే ఐపీసు తిప్పి చూడండి. తప్పు దానిదైతే తోక కూడా దాంతో తిరగాలిగా?"

తిప్పారు. తోక కదల్లేదు. మరలు వదులుచేసి గొట్టమంతా తిప్పారు. తోక కదల్లేదు.

"అయితే గాజుల్లో తప్పు లేదన్నమాట" అన్నారు ఆయనే.

"మరి లైనులో ఇంకేం మిగిలిందండీ?"

"ఏముందీ, అవతల శని."

"నే చెప్పలా!" అన్నారు పెద్దావిడ.

"శనిని తిప్పలేం గానీ," అన్నారు కనకవల్లిగారు, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత తేలిగ్గా, "ఇవతల మీ తల ఓసారి పక్కకి వాల్చండి."

వాల్చారు. తోకా వాలింది. నిలబెట్టారు. తోకా లేచింది. ఇంకోసారి వాల్చారు. ఆయన్ని మెచ్చుకోవాలి, పరీక్ష చెప్పినదాంతో ఇంజనీరు వాదించలేదు. అయితే ఆ ఇంజనీరు మొగుడు కూడా కదా, ఏదో ఒకటి అనాలి.

"ఇది మామూలు యంత్రం కాదు వల్లీ. దీనికి తగ్గ కన్ను ఉండాలి."

"నేనూ అదే అనుకుంటున్నానండీ" అన్నారావిడ.

కంట్లో శుక్లం ముదిరిందన్నారు డాక్టరు. ఆపరేషను టెలిస్కోపు కోసమే చేయించుకుంటున్నానని ఆయన వీధంతా చెప్పారు. ఆపరేషనయ్యాక కంట్లో మందులు వేసుకునే రోజులు గనక అన్నవరం బస్సులో వెళ్ళి, ఆకుపొట్లంలో ప్రసాదం పట్టుకుని క్షేమంగా వచ్చారు. నాకు కూడా కాస్త చూపించి పెద్దావిడకి పెట్టారు.

ఆ సాయంత్రం ఆయన మేడెక్కి చాలాసేపు శనిని చూశారు. "తోక లేదే!" అన్నారు, కొంచెం వెలితిగానే. తరవాత తలెత్తి, మెట్ల మీది బల్బు వెలుగులో నిలబడ్డ భార్యకేసి చూశారు. చూస్తూ ఉండిపోయారు.

"వల్లీ, నీ జుట్టు ఇంతలా ఎప్పుడు నెరిసిందే?"

"మీ స్కూటరు వెనక కూర్చుని."

ఆయన కుర్చీ నా దగ్గరికి లాగి, చేత్తో దాని మీది దుమ్ము దులిపారు. "రా, నువ్వూ చూడు. ఎప్పుడూ చూసి ఉండవు."

కనకవల్లిగారు కూర్చుని నాకు కన్ను ఆనించారు.

"అబ్బ! ఉంగరమండీ!"

నా ఐపీసుకి ఆనుకున్న ఆ కనురెప్పలు మళ్ళీ సన్నగా వణికాయి.