కళ్ళారా చూసినవారి సంతకం

ఉదయం టీ ఇచ్చే వేళకి టైలరుగారు తన బాత్రూం గుమ్మంలో వెల్లకిలా పడి ఉన్నారు. ఎడమకాలు పక్కకి తిరిగిపోయింది. గోడకి ఉండాల్సిన ఇనుపకడ్డీ ఆయన చేతిలో ఉంది.

"బావా, కడ్డీ మాత్రం వదల్లేదు," అన్నారు నన్ను చూసి.

మాకు చుట్టరికమేమీ లేదు. పోయిన నా భార్య పుట్టింటివారి ఇంటిపేరూ ఆయనదీ ఒకటేనని తేలిన రోజునుంచి ఈ వృద్ధాశ్రమంలో నేను ఆయనకి బావనయ్యాను. ఆ కడ్డీ ఊగుతోందని ఇద్దరం మూడు నెలలుగా చెబుతూనే ఉన్నాం. ఆయన్ని బాత్రూంకి నడిపించాల్సిన ఆయా ఆ సమయంలో బాల్కనీలో ఫోన్ మాట్లాడుతోంది. పిలుద్దామంటే మంచం పక్కన గంట లేదు. ఎప్పుడూ మోగుతూనే ఉంటోందని పోయిన నెలలో తీసేశారు.

నేను వెళ్ళి సూపర్‌వైజరమ్మని తీసుకొచ్చాను. ఆమె ఫారం పట్టుకునే వచ్చింది.

"పడుతుండగా ఎవరు చూశారు?"

"నేను చూశానమ్మా," అన్నారు టైలరుగారు.

"మీరు కాదు తాతగారూ, సిబ్బంది చూడాలి. కళ్ళారా చూసినవారి సంతకం అని ఇక్కడ గడి ఉంది."

ఆయా తల అడ్డంగా ఊపింది. "నేనొచ్చేసరికే పడిపోయి ఉన్నారండి."

"మరెలా? చూడకుండా సంతకం పెడితే అబద్ధం రాసినట్టు. సంతకం లేకపోతే ఈయన పడనట్టు. పడని మనిషికి అంబులెన్సు ఎందుకు పిలిచావని పైవాళ్ళు నన్నడుగుతారు."

"పడకపోతే ఈయన ఇక్కడేం చేస్తున్నట్టమ్మా?" అన్నాను.

ఆమె నిజంగానే కాసేపు ఆలోచించింది. "విశ్రాంతి" అని రాసుకుంది. తరువాత ఆమెకే జాలేసినట్టుంది.

"ఒక పని చేద్దాం తాతగారూ. ఇద్దరం కలిసి మెల్లగా లేపి నిలబెడతాం. నేను చూస్తుండగా ఇంకొక్కసారి పడండి. కింద దిండ్లు వేయిస్తాను."

"అమ్మా, నలభై ఏళ్ళు బట్టలు కుట్టాను. ఎవరికైనా కొలత ఒక్కసారే తీసేవాణ్ణి," అన్నారు టైలరుగారు. నవ్వబోయారు కానీ పెదవులు పాలిపోయి ఉన్నాయి. పట్టుకుంటే చెయ్యి చల్లగా తగిలింది. నా భార్య తుంటి విరిగినప్పుడు డాక్టరు నాతో ఒక్కటే మాటన్నాడు, ఆలస్యం చేశారని.

ఇంతలో వరండా ఊడ్చే ఆవిడ వచ్చింది. ఎవరినీ ఏమీ అడగలేదు. బకెట్టు పక్కన పెట్టి, తన భుజం మీది తువ్వాలు మడిచి ఆయన తల కింద సర్దింది.

నేను కళ్ళజోడు తీసి ఆవిడ చేతికిచ్చాను.

"సూపర్‌వైజరమ్మా, కాస్త ఇటు చూడండి."

డెబ్భై ఆరేళ్ళ వయసులో కావాలని పడటం తేలికేమీ కాదు. మోకాళ్ళు ఒప్పుకోవు. ముందు కుర్చీ పట్టుకుని వంగాను. తరువాత పక్కకి ఒరిగాను. "ఇటు రండి, ఇక్కడ తడి లేదు," అని ఊడ్చే ఆవిడ చూపించిన చోట పడ్డాను.

"చూశారా?"

"చూశాను," అంది సూపర్‌వైజరమ్మ. ఆమె ముఖం తేటపడింది. నా గది నంబరు, నా వయసు, పడిన సమయం చకచకా రాసేసి, సంతకం పెట్టి ఫోన్ చేసింది. పావుగంటలో స్ట్రెచరు వచ్చింది.

నేల మీద ఇద్దరం ఉండటం చూసి స్ట్రెచరు తెచ్చినవాళ్ళు ఆగారు. "ఫారంలో ఒక్కరే ఉన్నారు. మీలో ఎవరు?"

"ఆయనే," అన్నాను టైలరుగారిని చూపించి.

సూపర్‌వైజరమ్మ ఫారం వైపు చూసింది, టైలరుగారి కాలి వైపు చూసింది. చివరికి కిటికీ వైపు తిరిగి నిలబడింది.

"ఇది మాత్రం నేను చూడలేదు," అంది.

అలా నా తుంటికి ఆ మధ్యాహ్నమే ఆపరేషన్ జరిగింది. ఆలస్యం కాలేదన్నారట డాక్టరు. కాగితాల ప్రకారం నేను ఆరు వారాలు మంచం దిగకూడదు. నా మంచానికి గంట తగిలించారు. నా బాత్రూం గోడకి కొత్త కడ్డీ బిగించారు. వరండాలో నడుస్తుంటే ఆయా ఎదురొచ్చి, "తాతగారూ, మీరు నడవలేరు కదా," అని కోప్పడేది.

పదో రోజున టైలరుగారు తిరిగొచ్చారు. కాగితాల ప్రకారం ఆయనకేమీ కాలేదు, భోజనానికి తనే నడిచి వెళ్ళాలి. అందుకని ఆ పూటే గదులు మార్చుకున్నాం. సామాను ఊడ్చే ఆవిడ మోసింది. ఇప్పుడు ఎదురుగదిలోంచి గంట మోగుతూ ఉంటుంది. ఆయా విసుక్కుంటూనే వెళుతుంది.

ఈ గది బాత్రూంలో కడ్డీ లేదు, గోడకి నాలుగు కన్నాలున్నాయి. నేను వెళ్ళే ముందు ఊడ్చే ఆవిడకి చెబుతాను. ఆవిడా సిబ్బందే కదా. బకెట్టు పక్కన పెట్టి గుమ్మంలో నిలబడి, నేను బయటికొచ్చేదాకా కళ్ళారా చూస్తుంది.