ఎడిత్ కుట్టిన రెక్క

ఛీ! ఆ మ్యూజియం పేరెత్తితే ఇప్పటికీ నాకు నోరు చేదెక్కుతుంది.

1983లో మిషిగన్‌లో మేముండే ఊరి మ్యూజియంలో కుట్టుపనికి చేరాను. విట్‌కాంబ్ అన్నదమ్ములు 1911లో ఎగరేసిన విమానం అక్కడుంది. దాని రెక్కల గుడ్డ చీకిపోయింది, బాగుచెయ్యాలి. బెజవాడలో పదేళ్ళు జాకెట్లు కుట్టినదాన్ని, నాకదో లెక్కా? పక్కన పెద్ద బోర్డు: “ఈ రెక్కలను సోదరులిద్దరూ స్వహస్తాలతో కుట్టారు.”

తీరా మొదటి రెక్క విప్పి చూస్తే కుట్లన్నీ మామూలుకి ఎదురువైపు వాలి ఉన్నాయి. ఆ వాలు నాకు తెలుసు. నాదీ పుర్రచెయ్యే మరి. ఎడంచేత్తో అన్నం తింటుంటే మా బామ్మ వేళ్ళ మీద కొట్టి మాన్పించింది గానీ, సూది దగ్గర మాత్రం ఓడిపోయింది. గోడ మీద ఫొటోలు చూశాను. అన్నదమ్ములిద్దరూ రెంచి పట్టినా, కలం పట్టినా కుడిచెయ్యే. మరి ఈ కుట్టు ఎవరిది?

“వాళ్ళిద్దరూ ఎప్పుడో పోయారు గానీ, వాళ్ళకో చెల్లెలుందిగా, ఎడిత్. ఇక్కడే, ముసలివాళ్ళని చూసుకునే నర్సింగ్ హోమ్‌లో ఉంటుంది,” అంది టికెట్లిచ్చే రేణు.

వెళ్ళాను. తొంభై రెండేళ్ళ మనిషి, ఎడంచేత్తో టీ కప్పు అందుకుంది. కుట్ల సంగతి చెప్పగానే నవ్వింది.

“ఏడు వారాలు కుట్టాను. అన్నయ్యలు ఇంజిన్ దగ్గరుండేవాళ్ళు. వంటా నాదే. నా పేరు ఒక్కసారి ఆ బోర్డు మీద చదువుకుని పోతాను, వాసూ. ఇంకేం వద్దు.” వసుమతి అనడానికి ఆవిడకి నోరు తిరగలేదు.

మర్నాడే మా డైరెక్టర్ హాల్బర్ట్‌కి కుట్లు చూపించాను, విషయం చెప్పాను.

“నైస్. కానీ రికార్డ్స్‌లో ఆవిడ పేరు లేదు. మనం చెప్పే కథ క్లియర్‌గా ఉండాలి, మిసెస్...” అని ఆగిపోయాడు. ఎనిమిది నెలలుగా అతని కళ్ళ ముందే పనిచేస్తున్నాను, నా పేరు గుర్తులేదు మహానుభావుడికి! అయినా మళ్ళీ అడిగాను, రెండు ఉత్తరాలు రాసిచ్చాను. చూద్దాం అన్నాడు.

మొదటి రెక్క పూర్తయ్యాక ఓపెనింగ్ పెట్టారు. ఎడిత్ నీలం గౌను వేసుకుని వీల్‌చెయిర్‌లో వచ్చింది. ముందువరసలో ఆవిడ మేనల్లుళ్ళిద్దరూ, అదే ఆ అన్నదమ్ముల కొడుకులు, టైలు కట్టుకుని నిలబడ్డారు, వాళ్ళే ఎగిరొచ్చినట్టు. హాల్బర్ట్ నా దగ్గరకొచ్చి, “ఆ వీల్‌చెయిర్ ఫొటోకి అడ్డంగా ఉంది, కాస్త పక్కకి జరుపు,” అన్నాడు, చెత్తబుట్టని జరపమన్నట్టు.

నా ఒళ్ళు మండిపోయింది. జరిపాను, తిన్నగా రెక్క దగ్గరికి! ఆవిడ ఎడంచెయ్యి చాచి కుట్టు మీద పెట్టింది. అప్పుడే కెమెరా మెరిసింది. తర్వాత కళ్ళజోడు సరిచేసుకుని బోర్డు చదివింది. మళ్ళీ మొదట్నించీ చదివింది.

“మర్చిపోయారేమో,” అంది మెల్లగా.

అబ్బే, మర్చిపోవడమా! మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. హాల్బర్ట్, మేనల్లుళ్ళు, వెనక రెక్క. అంచున మణికట్టు దాకా ఒక ముసలి చెయ్యి. మనిషిని కత్తిరించేశారు. థూ! సిగ్గూ శరం ఉండక్కర్లేదూ?

సోమవారం పొద్దున్నే హాల్బర్ట్ నవ్వుకుంటూ వచ్చాడు. “రెండో రెక్క జూన్‌కల్లా పూర్తి చెయ్యాలి. ఆ పాత కుట్టు నీకు తప్ప ఎవరికీ రాదు,” అన్నాడు.

సూదులడబ్బా తెచ్చి అతని టేబుల్ మీద పెట్టాను.

“అన్నదమ్ములే కుట్టారని బోర్డు మీద రాశారుగా. వాళ్ళనే పిలిపించుకోండి,” అని కోటు తీసుకుని వచ్చేశాను.