రెండేళ్ల ఎడం

మా కోడలు స్వప్న రోగం పేరు అందరికంటే ముందు నేనే చెప్పాను. డాక్టరు చూడకముందే, ఏ పరీక్షా చేయకముందే చెప్పాను. బొగ్గుబాయి పనివాడి పెళ్లానికి దగ్గు గురించి ఇంకొకరు నేర్పాలా? మా ఆయన లక్ష్మయ్య కరీంనగర్ వైపు నుంచి మరాఠీ సీమకు వచ్చి పద్మాపూర్‌లో ఇరవై రెండేళ్లు గనిలో దిగాడు. టీబీతో దగ్గి దగ్గి పోయాడు. ఆయన కంచంలో తిని, ఆయన పక్కలో పడుకున్న నా చిన్న కూతురు మరుసటి ఏడు అదే రోగంతో పోయింది. దానికి ఆరేళ్లు. దాని పేరు నేను ఎవరి ముందూ ఎత్తను.

అందుకే స్వప్న దగ్గడం మొదలుపెట్టగానే నా ఒళ్లు జలదరించింది. మనవరాలు శ్రావణికి అప్పుడు నాలుగు నెలలు. స్వప్నకు దగ్గుతోపాటు ఆయాసం, బొంగురు గొంతు, ఊపిరిలో ఏదో చప్పుడు. నేను గుమ్మం దగ్గరే నిలబడి విని, ఇదే అనుకున్నాను. ఆ మధ్యాహ్నమే పిల్లను ఎత్తుకొచ్చి నా గదిలో పడుకోబెట్టాను. స్వప్నకు వేరే కంచం, వేరే గ్లాసు పెట్టి, పెరట్లో రేకుల గది ఇచ్చాను. పిల్లకు డబ్బా పాలు తెప్పించాను. ఆమె తన పాలు మోరీలో పిండేసుకునేది. నాకు తెలుసు. చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

వీధి చివరి డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయి టీబీ అని చెప్పాను. ఎక్స్‌రేలో ఏమీ లేదు, తెమడ పరీక్షలో ఏమీ దొరకలేదు. మీ ఇంట్లో ముందే ఉంది కదా, ఒక్కోసారి దొరకదులే అని ఆయన ఆరు నెలల మందులు రాశాడు. అవి మింగి మింగి ఆమె వాంతులు చేసుకుంది, దగ్గు మాత్రం తగ్గలేదు. కోర్సు అయిపోయింది, ఇక పిల్లను ఎత్తుకోవచ్చని ఆ డాక్టరే చెప్పాడు. నేను ఒప్పుకోలేదు. దగ్గు అట్లాగే ఉంటే రోగం ఎట్లా పోయిందని పోట్లాడి మళ్లీ మందులు రాయించాను. తర్వాత ఇంకొకాయన ఆస్తమా అని పీల్చే పంపు ఇచ్చాడు. దానితోనూ ఏమీ కాలేదు.

నా కొడుకు సచిన్‌ది కూడా గనిలోనే పని. నా మాట కాదనే దమ్ము వాడికి లేదు. చెల్లెలు పోయినప్పుడు వాడు పదేళ్లవాడు, ఆ భయం వాడికీ ఉంది. స్వప్న కోర్పనా దగ్గర పత్తి రైతుల పిల్ల, నోరెత్తి ఎరగదు. దూరం నుంచైనా బిడ్డను చూపించమని ఒక్కసారి బతిమాలింది. సరేనని రోజూ పొద్దున పిల్లను వాకిలి ఇవతల నుంచి చూపించేదాన్ని. కన్నబిడ్డ కోసం ఆమె మొహం వాచిపోయి చూస్తుంటే, నా అంత మంచి అత్త ఎవరికి దొరుకుతుందని అనుకునేదాన్ని కూడా. నా బుద్ధి అట్లా ఉండేది.

పోయిన మే నెలలో తడిబట్టల బకెట్ పట్టుకుని డాబా మెట్లెక్కుతూ స్వప్న పడిపోయింది. పెదాలు నీలంగా అయ్యాయి. సచిన్ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చాడు, ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తాము. ఆక్సిజన్ పెట్టాక ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. ప్రతీక్ అని పేరు, మరాఠీ పిల్లవాడు. వీపు మీద విన్నాడు, ఛాతీ మీద విన్నాడు. ఆ తర్వాత ఆ వినే గొట్టాన్ని ఆమె గొంతు మీద పెట్టి చాలాసేపు విన్నాడు. రెండేళ్లలో ఒక్క డాక్టరు కూడా అక్కడ పెట్టి వినలేదు.

ఈ చప్పుడు ఊపిరి లోపలికి తీసేటప్పుడు వస్తుందా, వదిలేటప్పుడు వస్తుందా అని మమ్మల్ని అడిగాడు. సచిన్ నా మొహం చూశాడు. నేను నేల చూశాను. ఇంట్లో ఈమెతో ఎవరుంటారని మళ్లీ అడిగాడు. ఎవరుంటారని చెప్పాలి? ఆ చప్పుడు లోపలికి పోయేదో బయటికొచ్చేదో తెలియాలంటే మనిషి పక్కన కాసేపు కూర్చోవాలి. రెండేళ్లుగా ఆమె పక్కన కూర్చున్నవాళ్లు లేరు.

చివరికి స్వప్నే మాస్కు పక్కకు లాగి, లోపలికి తీసేటప్పుడే అని మరాఠీలో చెప్పింది. పాప పుట్టినప్పటి నుంచీ అంతేనంది.

తర్వాత ఒక మిషన్‌లోకి గట్టిగా ఊదించాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు గుట్టలాగా లేచే గీత ఈమెకు పైన కోసేసినట్టు చదునుగా వచ్చింది. స్కాన్ తీయించి మాకు చూపించాడు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. స్వరపేటిక కింద, గాలి పోయే గొట్టం ఒకచోట స్ట్రా అంత సన్నగా అయిపోయింది. దాన్ని సబ్‌గ్లాటిక్ స్టెనోసిస్ అంటారట. లక్షల్లో ఒకరికి వస్తుందట, ఎక్కువగా ఆడవాళ్లకే. ఎందుకొస్తుందో చాలామందిలో తెలియదట. క్యాన్సర్ కాదు, ప్రాణాలు తినే జాతిది కాదు, సమయానికి చూసుకుంటే చాలు అన్నాడు. నాగపూర్‌లో కెమెరా గొట్టం వేసి, ముక్క తీసి పరీక్షించి, సన్నబడిన చోట వెడల్పు చేస్తారని చెప్పాడు.

ఇది ఇంకొకరికి అంటదా అని అడిగాను.

"ఎప్పుడూ అంటలేదు ఆజీ" అని, అవ్వను పిలిచినట్టు మెల్లగా చెప్పాడు. నిజంగా టీబీ అయినా, మందు పనిచేస్తే కొన్ని వారాల్లోనే అంటడం ఆగిపోతుందని, డాక్టరును అడిగి అప్పుడే పిల్లను ఇచ్చేసినా సరిపోయేదని కూడా అన్నాడు.

నాకు పిచ్చికోపం వచ్చింది. పోయింది నీ బిడ్డా, నా బిడ్డా, నీకేం తెలుసని అరిచాను. వార్డంతా నా వైపే చూసింది. ఆ అబ్బాయి నన్ను కూర్చోమని కుర్చీ జరిపాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నాగపూర్ నుంచి స్వప్న ఊపిరి చప్పుడు లేకుండా తిరిగొచ్చింది. ముక్క పరీక్షలో క్యాన్సర్ లేదు, టీబీ ఆనవాలే లేదు. మళ్లీ సన్నబడితే మళ్లీ వెడల్పు చేయించుకోవాలన్నారు, అంతే. స్నానం చేసి, నడిమింట్లో కూర్చుని, శ్రావణి వైపు రెండు చేతులూ చాపింది. పిల్ల నా కొంగు లాక్కుని ముక్కూ నోరూ మూసుకుని నా వెనక దాక్కుంది.

"అమ్మా, దగ్గామె లోపలికొచ్చింది" అంది నాతో.

ముక్కు మూసుకోమని నేర్పింది నేనే. నన్ను అమ్మా అంటుంటే దిద్దనిదీ నేనే. నా తల కొట్టేసినట్టయింది.

పది రోజులు చూశాము. స్వప్న కలిపిన ముద్ద పిల్ల ఉమ్మేసేది. ఎత్తుకుంటే గుక్కపట్టి ఏడ్చి, నేను ఎక్కడుంటే అక్కడికి పరుగెత్తేది. పదకొండో రోజు వంటింట్లో స్వప్న స్టవ్ ఆపి నా ముందు నిలబడింది.

"అత్తమ్మా, మీరు వరోర ఊర్ల మీ చెల్లె ఇంటికి పోయి ఉండుండ్రి."

"ఎన్ని దినాలు?"

"అది నన్ను అమ్మా అనేదాంక."

నా ఒళ్లు మండిపోయింది. ఇది నా మొగుడు రెక్కలు ముక్కలు చేసుకుని కట్టిన ఇల్లు అన్నాను. గిట్ల ఎల్లగొడతవా, సచ్చిన బిడ్డను సూసినదాన్ని నేను, నా భయం నీకేం తెలుస్తదని అడిగాను.

"మీ బిడ్డ సచ్చిపోయింది అత్తమ్మా. నా బిడ్డ బతికే ఉండె" అంది.

గొంతు పెంచలేదు. కళ్లలో నీళ్లు కూడా లేవు. సచిన్ గుమ్మంలో నిలబడి విన్నాడు, నా తరఫున ఒక్క మాట మాట్లాడలేదు. రెండేళ్లు ఆమె తరఫునా మాట్లాడలేదు, వాడిని తప్పుపట్టి ఏం లాభం? నేనే పోయి నాలుగు చీరలు సంచిలో పెట్టుకున్నాను.

ఆటో వాకిట్లోకి వచ్చింది. శ్రావణి నాతో వస్తానని చెప్పులు వేసుకుంది. స్వప్న వచ్చి దాన్ని ఎత్తుకుంది. అది గింజుకుంది, మొహం మీద రక్కింది, అయినా ఆమె వదల్లేదు. నేను ఆటోలో కూర్చుని, పోనియ్యమన్నాను. అమ్మా, అమ్మా అని వెనక నుంచి గుండెలవిసేలా ఏడుపు. పిలుస్తున్నది నన్నే. వెనక్కి చూస్తే అది నా మొహం చూస్తుందని, మెడ తిప్పకుండా కూర్చున్నాను.